పనిలో సింహావలోకనము



సింహము నాలుగడుగులు నడచి, ఆగి, ఒకమారు వెనుకకు చూచి మరల సాగునట. దీనినే పెద్దలు సింహావలోకనమనిరి. నేను లెక్కలు వ్రాయువాడను. చిట్టా ఆవర్జాలను ఏ నెలకానెల సరిచూడనిచో, మార్చి నెలాఖరున ఒక్క అంకె తప్పు వెదకుటకు రాత్రులు చాలవు. పదిమంది కలసి చేయు పనికిని ఇదియే న్యాయము.

నేను పనిచేయుచోట చేతివ్రాత పుస్తకములు పోయి కంప్యూటరు వచ్చిన క్రొత్తలో ఒక రసీదు రెండుమారులు జమపడినది. ఎవరు చేసిరని అందరియెదుట గద్దించితిని. ఒక కుఱ్ఱవాడు తలవంచుకొనెను. తప్పు దిద్దితిమి. కాని నాటినుండి నా కడకు ఏ తప్పును రాలేదు. తప్పులు లేక కాదు, చెప్పువారు లేక. ఇది నాకు మూడు నెలలకుగాని తెలియలేదు.

ఆ సంక్రాంతికి హైదరాబాదునుండి వచ్చిన మా మేనల్లునితో ఈ మాట చెప్పుకొంటిని. వారి సాఫ్టువేరు కార్యాలయమున రెండు వారములకొకమారు రెట్రాస్పెక్టివ్ అను కూటమి జరుగునని అతడు చెప్పెను. 2001లో అమెరికాలోని యూటా రాష్ట్రమున 17 మంది కూడి ఎజైల్ ప్రకటన చేసిరి. దాని 12 సూత్రములలో కడపటిది, జట్టు నియమితకాలమున తన పనితీరును తానే పరిశీలించి దిద్దుకొనవలెననుట. ఆ సంవత్సరముననే వెలువడిన గ్రంథమున నార్మన్ కెర్త్ అను నాతడు, ప్రతివాడును నాటికి తనకు తెలిసినంతలో శక్తికొలది చేసెనని నమ్మియే కూర్చుండవలెనని నియమము పెట్టెను. కూటమిలో అడుగు ప్రశ్నలు మూడు: ఏది బాగుగ సాగినది? ఏది అడ్డుపడినది? ఇకమీద ఏ ఒక్కటి మార్చెదము?

మేమును నెలకొక గంట కూర్చుండసాగితిమి. మొదటినాడు నా గద్దింపే తప్పని నేనే చెప్పితిని. అప్పుడా కుఱ్ఱవాడు నోరు విప్పెను. ఒకే రసీదు సంఖ్య మరల ఎక్కించినను యంత్రము ఆపుట లేదట! ఎక్కించిన రసీదుపై వెంటనే గుర్తు పెట్టవలెనని నిర్ణయించితిమి. అది మొదలు ఆ పొరపాటు మరల రాలేదు.

ఒక హెచ్చరిక. ఉద్యోగపర్వమున ధృతరాష్ట్రుడు నిద్రపట్టక విదురుని పిలిపించి రాత్రియెల్ల నీతులు వినెను, మెచ్చెను, ఆచరింపడయ్యెను. ఫలము మనకెరుకయే. కావున అనుకొన్న మార్పును ఎవరు, ఏనాటికి చేయుదురో వ్రాసికొని, తరువాతి కూటమిలో మొదట దానినే అడుగవలెను.

25 ఏండ్లు నిండిన మన గ్రంథాలయమునకు వచ్చువారి అలవాట్లు మారుచున్నవి. చేతిఫోనులోనే పత్రిక చదువువారు పెరిగిరి. కార్యవర్గము, గ్రంథపాలకుడు, పాఠకులు మూడు నెలలకొకమారు ఒకచోట కూర్చుండి ఆ మూడు ప్రశ్నలు వేసికొందురుగాక. తప్పు చెప్పినవానిని తప్పుపట్టకుందురుగాక. ఇదియే నా మనవి. సెలవు.