ధర్మాసుపత్రి అనే మాట గురించి

(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



మేము ఉర్దూ మీడియం బడిపంతులం. ఇంట్లోనూ, తరగతిలోనూ 'హమ్' అని మాట్లాడే అలవాటు. అందుచేత తెలుగులోనూ 'మేము' అనే వస్తుంది. గొప్పకు కాదు, మన్నించండి.

మన ఊళ్ళో సర్కారు ఆసుపత్రిని ధర్మాసుపత్రి అంటారు. మనవాళ్ళు ఖైరాతీ దవాఖానా అంటారు. రెంటికీ అర్థం ఒకటే, అక్కడ మందు దానంగా ఇస్తారని. ఈ మాటే మనల్ని చెడగొట్టిందని మా అభిప్రాయం. ఊరికే ఇచ్చేదానికి వంకలు పెట్టకూడదని నోరు మూసుకుంటాము. చేతిలో నాలుగు డబ్బులు ఆడగానే ప్రైవేటు నర్సింగు హోము మెట్లెక్కుతాము.

అసలది దానమేనా? సబ్బుబిళ్ళ కొన్నా, పిల్లలకు చెప్పులు కొన్నా, ఫోను రీచార్జి చేయించినా పన్ను కడుతున్నాము. పండ్ల బండి తోసే అన్న కూడా కడుతున్నాడు. డాక్టరు జీతమూ, దూది, సూదిమందూ అందులోంచి వచ్చినవే. అంటే మనము ఫీజు ముందే కట్టినవాళ్ళము. ప్రైవేటులో కట్టేది రెండోసారి.

రెండోసారి కట్టినవాళ్ళలో మేమూ వున్నాము. మూడేళ్ళ క్రిందట ఒక రాత్రి మా తమ్ముడికి గుండెనొప్పి వచ్చింది. లారీ షెడ్డులో మెకానిక్కు. సర్కారు ఆసుపత్రికే తీసుకుపోయాము. గుండె డాక్టరు లేరన్నారు. అక్కడినుంచి పెద్ద ఊరికి పోతే, మిషను రిపేరులో వున్నది, రెండు రోజులు ఆగమన్నారు. గుండె ఆగుతుందా? తెల్లవారేసరికి ప్రైవేటు ఆసుపత్రిలో వున్నాము. వైద్యం బాగానే చేశారు, కాదనము. స్టెంటు వేశారు, మనిషి బ్రతికాడు. "ఆరోగ్యశ్రీ కార్డు ఏది?" అని కౌంటరులో అడిగారు. వేరు కాపురం పెట్టినప్పుడు నాన్నగారి కార్డులోంచి వాడి పేరు తీయించారు, కొత్త కార్డు పని ఈరోజు రేపు అని వాయిదా పడింది. మా ఇంటావిడ గాజులు తాకట్టుకు పోయినవి. చాలని సొమ్ము నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చాము. పోయిన రంజాను దాకా వడ్డీ కడుతూనే వున్నాము.

ఆరోగ్యశ్రీ 2007లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైంది. తర్వాత పేరు మారుతూ వచ్చినా పద్ధతి అదే: వైద్యం ప్రైవేటులో చేసినా, డబ్బు ఖజానాది. దానివల్ల ఎందరో బ్రతికారు. కాని అది ముఖ్యంగా ఆసుపత్రిలో చేరినవాళ్ళకే. నెలనెలా షుగరు మాత్రలకు, బీపీ మాత్రలకు, రక్తపరీక్షలకు పోయే డబ్బు మన జేబులోదే. చిల్లు పడేది అక్కడే.

సర్కారు ఖర్చుతో వైద్యం కొత్త ఆలోచన కాదు. మహమ్మద్ కులీ కుతుబ్‌షా హైదరాబాదులో కట్టించిన దారుష్షిఫాలో రోగికి మందూ, తిండీ ఉచితమే. 1946లో భోర్ కమిటీ కూడా, డబ్బు లేదని ఎవరికీ వైద్యం అందకుండా పోరాదన్నది. మరి జరిగిందేమిటి? 2013-14లో దేశంలో వైద్యానికైన ప్రతి నూరు రూపాయల్లో 64 జనం జేబులోంచే పోయినవి. 2021-22 నాటికి అది 39కి దిగింది. సంతోషమే. కాని స్థూల దేశీయోత్పత్తిలో నూటికి రెండున్నర వంతు సర్కారు వైద్యానికి పెట్టాలని 2017 విధానంలో రాసుకొని, 2021-22లో పెట్టింది 1.84 మాత్రమే.

"సర్కారును నమ్ముకుంటే అయ్యేది లేదు మాస్టారూ, మనమే చందాలతో ఆసుపత్రి కట్టుకుందాం" అని కొందరు సోదరులు అంటున్నారు. వారి మనసు మంచిది. లెక్క మాత్రం కుదరదు. కిడ్నీలు పాడైన ఒక్క మనిషికి జీవితాంతం వారానికి రెండుమూడుసార్లు డయాలసిస్ చేయించాలంటే మన చందా పెట్టె ఎన్ని నెలలు నిలుస్తుంది? ఇంకొక సంగతి. ధర్మాసుపత్రికి నోరున్నవాళ్ళు పోవటం మానేశారు. మేష్టర్లు, వ్యాపారస్థులు, గుమాస్తాలు అందరమూ తప్పుకున్నాము. మిగిలింది నోరులేనివాళ్ళు. మిషను పాడైతే అడిగేదెవరు? ఆ రాత్రి రిపేరు సంగతి మీద మేము కూడా ఒక్క అర్జీ రాయలేదు. రోజూ పిల్లలకు అర్జీ రాయటం నేర్పేవాళ్ళమే!

సంఘం పద్దు పుస్తకం చూశాము. రోగుల సహాయ నిధిలో ఎక్కువ భాగం ప్రైవేటు బిల్లుల కిందే పోయింది. ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఇవ్వవలసిందే, వద్దనము. కాని అందులో కొంత తీసి, సర్కారు ఆసుపత్రికి పోయే రోగికి బండి కిరాయికి, తోడు వుండే మనిషి భోజనానికి ఇవ్వాలని కార్యవర్గం ముందు పెడుతున్నాము. ఆసుపత్రి అభివృద్ధి కమిటీని కలిసి, ఏ మిషను ఎన్నాళ్ళుగా పనిచేయటం లేదో కాగితం మీద అడగటానికి ముగ్గురు సభ్యులు కావాలి. అందులో ఒక పేరు మాది రాసుకోండి.

కార్డుల పని మాత్రం కార్యవర్గం తీర్మానం దాకా ఆగనక్కరలేదు. వచ్చే ఆదివారం నుంచి మధ్యాహ్నం నమాజు అయిన తర్వాత మా బడి వరండాలో కూర్చుంటాము. వేరు కాపురం పెట్టినవాళ్ళు, కొత్త కోడళ్ళ పేర్లు ఎక్కించనివాళ్ళు ఆధారు, పాత రేషను కార్డు తీసుకురండి. కలం, కాగితాలు మా దగ్గర వున్నవి.