బిగిసిన సొరుగు



వంటింటి సొరుగు తెఱచుటకు కూడ ఒక ప్రసంగము కావలెనా యని మీలో కొందఱు నవ్వవచ్చును. ముప్పదియైదేండ్లు బడిలో వ్యాకరణము చెప్పినవాడు వడ్రంగపుపనిని గూర్చి మాటలాడుటయు వింతయే. కాని ప్రొద్దుననే పొయ్యి ముట్టింపబోవు ఇల్లాలు రెండు చేతులతో ఒక సొరుగును లాగి లాగి అలయుచుండగా, మగవారు ప్రక్కగదిలో పత్రిక చదువుకొనుచుండుట మన యిండ్లలో అరుదు కాదు. అఱువది దాటిన మణికట్టునకు అది చిన్న శ్రమయు కాదు.

మిరప పండించు మీకు దీని కారణము చెప్పుట సులభము. కళ్లములో గలగలలాడు ఎండుకాయ ఒక్క రాత్రి మబ్బుగాలి తగిలినచో మెత్తబడును. నూటికి 10, 11 పాళ్ల తేమ మాత్రము నిలుచునట్లు ఎండబెట్టి గుంటూరు యార్డునకు తోలినవారికి ఆ భేదము వ్రేళ్లకే తెలియును. కొయ్యయు అట్టిదే. చెట్టు కొట్టి నూఱేండ్లయినను అది గాలిలోని తేమను పీల్చుచు, విడుచుచు నుండును. మన వడగాడ్పుల దినములలో కొయ్యలోని తేమ నూటికి 7, 8 పాళ్లకు దిగవచ్చును. ఆశ్వయుజ కార్తికములలో ముసురు పట్టినపుడు 15 పాళ్లకు పైబడవచ్చును. వైశాఖమున వదులుగా ఆడిన సొరుగు దీపావళినాటికి మొండికెత్తుట అందువలననే.

అయితే కొయ్య అన్ని దిక్కుల సమముగా ఉబ్బదు. చాలమందికి తెలియని సంగతి యిదియే. నార సాగిన దిక్కున పెరుగుదల లెక్కింపదగినది కాదు. నారకు అడ్డముగా మాత్రము హెచ్చుగా ఉండును. ఆఱంగుళముల వెడల్పు గల టేకుపలక ఎండకాలమునకును ముసురుకాలమునకును నడుమ సుమారు 2 మిల్లీమీటర్లు పెరుగవచ్చును. సొరుగు ప్రక్కపలకలలో నార ముందునుండి వెనుకకును, ముందుపలకలో ఎడమనుండి కుడికిని సాగును. కావున ఇవి యన్నియు ఎత్తున ఉబ్బునే గాని పొడవున ఉబ్బవు. దీనినిబట్టి తేలున దేమనగా, తేమచే బిగిసిన సొరుగు మీదను క్రిందను ఒరయును. ప్రక్కల నొరసినచో దోషము తేమది కాదు. మేకు తల యెత్తియుండవచ్చును, మూలల అతుకు వదలియుండవచ్చును, లేదా బీరువాయే వంకరపోయి యుండవచ్చును.

ఒరయు చోటు కనుగొనుటకు నా చేతి కలవాటైన సాధనమే చాలును. సొరుగును వెలికిదీసి దాని అంచులకు సుద్దముక్క రుద్ది, మరల లోనికి నెట్టి లాగినచో, సుద్ద చెరగిన చోటే తగులు చోటు. వెలికి రాకున్నచో పిడి పట్టి గుంజరాదు; పిడి ఊడివచ్చునే గాని సొరుగు రాదు. పైసొరుగును తీసివేసి, ఆ సందున చేయి పెట్టి, వెనుకనుండి ఎడమకుడుల కొంచెము కొంచెముగా నెట్టవలెను. పప్పుగుత్తియో అట్లకాడయో పైకి లేచి అడ్డు తగులుచుండుటయు కలదు. దానిని తొలుత చూడుడు.

తగులు చోటు దొరకగానే చిత్రిక పట్టుటకు తొందరపడరాదు. ముసురులో చిత్రిక పట్టిన సొరుగు వేసవిలో కూలబడును. పోయిన కొయ్య మరల రాదు. వానలలో ఒరయు చోట ఉప్పుకాగితముతో నాలుగు రుద్దులు రుద్ది, పొడి సబ్బుగాని కొవ్వొత్తిగాని పూసినచో చాలవఱకు పని జరుగును. నూనె మాత్రము పోయవలదు. వంటింటి కారపుపొడియు పిండియు నూనెతో గలసి జిగురై, మొదటికన్న గట్టిగా పట్టుకొనును. ఫాల్గుణము వచ్చి కొయ్య ఆఱిన పిమ్మటను ఒరసినచో, అప్పుడు వడ్రంగిని పిలువుడు. చిత్రిక తగిలిన పచ్చికొయ్యపై లక్కపూత యొకటి వేయింపుడు. జారు అంచులకు మాత్రము మైనమే.

కొయ్యపొట్టు అదిమి చేసిన నేటి పలకల సంగతి వేఱు. అవి నీటికి ఉబ్బినచో ఎండకు మరల తగ్గవు. ఇనుపకమ్ముల మీద దొరలు సొరుగులకు మైనము పనికిరాదు. కమ్ములలోని మడ్డిని తుడుచుటయే వాని చికిత్స.

ఇక బీరువా వంకరపోవుటను గూర్చి. మన నల్లరేగడిపై ఇండ్లు కట్టుకొన్నవారు దీనిని ప్రత్యేకముగా వినవలెను. మా అక్కగారి యిల్లు పర్చూరు దగ్గఱి యొక పల్లెలో నున్నది. ఆ ప్రాంతము 1970 వఱకు గుంటూరు జిల్లా. తరువాత ఒంగోలు జిల్లా యనియు, ప్రకాశము జిల్లా యనియు పిలువబడినది. 2022 నుండి బాపట్ల జిల్లా. జిల్లాలు మారినవి గాని ప్రత్తి పండు ఆ నేల మారలేదు. వారి వంటింటి టేకు బీరువా సొరుగు మూడేండ్లుగా ఏ ఋతువునను సరిగా రాదు. రెండుమారులు చిత్రిక పట్టించిరి, ఫలము లేదు. "ఇది యిక పనికిరాదు మామయ్యా, అమ్మేసి ఇనుప బీరువా కొందాము" అని మేనల్లుడు బేరగానిని కూడ పిలిచినాడు. అక్కగారు నన్ను చాటునకు పిలిచి, "ఒరే తమ్ముడూ, మా అత్తగారు కాపురానికి తెచ్చుకొన్న బీరువారా అది. ఒక్కసారి చూడు" అనెను.

సొరుగు ప్రక్కల నొరయుచున్నది. దారము తీసికొని బీరువా ముంగిలి యెదురుమూలలు రెండు జతలుగా కొలిచితిని. చదరమైనచో రెండు కొలతలు సమముగా నుండవలెను. అర అంగుళము భేదము వచ్చినది. క్రింద చూడగా నాపరాయి ఎడమమూల పైకి లేచియున్నది. గోడ కావల స్నానపుగది కాలువ పగిలి, నీరు పునాదిలోనికి దిగుచున్నది. రేగడిలోని బంకమన్ను నీరు త్రాగినచో ఉబ్బును, ఎండినచో చేయి పట్టునంత నెఱ్ఱెలు విచ్చును. ఆ శక్తికి గోడలే బీటలు వాఱునుగదా, బీరువా యెంత? అందుకే తెలిసిన పనివారు రేగడి త్రవ్వి తీసి, ఇసుకయు గ్రావెలును పోసి, దానిపై నేల వేయుదురు.

సరకులు దింపి, గడ్డపాఱతో కుడికాలు మెల్లగా ఎత్తి, క్రింద పగిలిన రాతిపలకముక్కలు రెండు చొప్పించితిమి. కొయ్యచీలికయైనచో తేమకు నలుగును, రాయి నలుగదు. దారము మరల పట్టగా భేదము తీరినది. అక్కగారు ఒంటిచేత సొరుగు లాగి, లోపలి మెంతులడబ్బా తీసి, ఏమియు పలుకక పోపు పెట్టబోయెను. బేరగాడు వచ్చి కూర్చుండి కాఫీ త్రాగి పోయెను. కాలువ బాగుచేయించితిమి గనుక, ఆ మూల ఆఱినకొలది నేల దిగును. అప్పుడు రాతిముక్కలలో ఒకదానిని తీసివేయవలసియుండును. సంక్రాంతికి మరల దారముతో కొలువుమని మేనల్లునితో చెప్పి వచ్చితిని.