మాటకు అర్థం అడగడం నామోషీ కాదు
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన పఠన మందిరంలోని బీరువా తాళాలు నా దగ్గర ఉండడం వల్ల పుస్తకాల గురించీ, మాటల అర్థాల గురించీ సభ్యులు నన్ను అడుగుతూ ఉంటారు. పదే పదే వచ్చే ప్రశ్నలు నాలుగైదు తీసుకొని మాట్లాడమని కార్యదర్శి గారు ఆదేశించారు. నేను భాషా పండితుణ్ణి కాను. ముప్పై ఏళ్లకు పైగా ఫైళ్లలో నోట్లు రాసినవాణ్ణి. తెలిసినంత మేరకు మనవి చేస్తాను.

మొదటి ప్రశ్న: "చదువుతూ ఉంటే తెలియని మాట వస్తుంది. ఆగి అర్థం చూడాలా, దాటిపోవచ్చునా?"

కథో నవలో అయితే నిశ్చింతగా దాటిపోవచ్చు. ముందు వాక్యం, వెనక వాక్యం కలిసి అర్థం చెప్పేస్తాయి. అదే మాట మూడోసారి కూడా ఎదురైతే అప్పుడు నిఘంటువు తియ్యండి. అయితే, తెలియని మాటకంటే తెలిసిందనుకున్న మాటతోనే చిక్కు ఎక్కువ. తెలియనిదాని దగ్గర కనీసం ఒక్క క్షణం ఆగుతాం. తెలుసుననుకున్నదాని దగ్గర ఆగనే ఆగం.

ఒక ఉదాహరణ. నేను ఇప్పుడు చేస్తున్నది ఉపన్యాసం. హిందీలో ఉపన్యాస్ అంటే నవల. మనం శిక్ష అంటే దండన అనుకుంటాం. హిందీలో శిక్షా అంటే చదువు. సంస్కృతంలోనూ అంతే, మన శిక్షణ అనే మాటలో ఆ అర్థం ఇంకా మిగిలి ఉంది. మనకు అవసరమంటే కావలసి రావడం. హిందీలో అవసర్ అంటే అవకాశం. ఉత్తరాదిన ఉద్యోగం చేస్తున్న పిల్లల దగ్గరికి వెళ్లి వచ్చిన వారికి ఈ తమాషాలు అనుభవమే. మాట ఒకటే అయినా, ఊరు మారితే అర్థం మారుతుంది. ఊరే కాదు, కాగితం మారినా మారుతుంది. ఆ సంగతి చివర్లో చెబుతాను.

రెండవ ప్రశ్న: "మనం ఆఫీసులో జీవితమంతా వాడిన మాటలు అసలు తెలుగువేనా?"

వాటిలో చాలా భాగం అరబ్బీ, పారశీక భాషల నుంచి నవాబుల కాలపు పరిపాలన ద్వారా మనకు వచ్చినవి. బాకీ అంటే మిగిలినది. వసూలు అంటే చేరడం, అందడం. మంజూరు అంటే మూలంలో "చూడబడినది" అని అర్థం. అధికారి దృష్టిలో పడితేనే ఏ పని అయినా మంజూరవుతుందని మనకు అనుభవం మీద తెలుసు, మాటలోనే ఆ రహస్యం ఉందన్నమాట. మామూలు అంటే వాడుకలో ఉన్నది, ఆనవాయితీ. ఆ మంచి మాట చివరికి ఏ అర్థంలోకి దిగజారిందో మీకు నేను చెప్పనక్కరలేదు. రాజీనామా అంటే ఉర్దూలో రాజీపత్రం. మన దగ్గర ఉద్యోగం వదులుకునే కాగితమైంది. వీలునామాలో మొదటి సగం ఇంగ్లీషు "విల్", రెండో సగం పారశీకం. ఇన్ని తరాలు మన నోట నలిగిన తర్వాత అవన్నీ తెలుగు మాటలే అని నా అభిప్రాయం.

మూడవ ప్రశ్న: "ఇంట్లో ఉంచుకోవడానికి ఏ నిఘంటువు మంచిది? నిఘంటువు కొన్నాను, మాట దొరకడం లేదు, ఎందుకు?"

కావ్యాలు, పురాణాలు చదివేవారికి బహుజనపల్లి సీతారామాచార్యుల వారి శబ్దరత్నాకరము ఇప్పటికీ అండగా ఉంటుంది. అది 1885లో వచ్చింది. పిఠాపురం రాజావారి పోషణలో మొదలైన సూర్యరాయాంధ్ర నిఘంటువు మొదటి సంపుటం 1936లో వెలువడింది. మొత్తం ఎనిమిది సంపుటాలు. అది ఇంట్లో పెట్టుకునేది కాదు, గ్రంథాలయంలో చూసుకునేది. ప్రజల నోటిమాట కావాలంటే సి.పి. బ్రౌన్ దొర దగ్గరికి వెళ్లాలి. 1852-54 ప్రాంతంలో ఆయన అచ్చు వేయించిన నిఘంటువుల్లో కచేరీ మాటలకు కూడా చోటిచ్చాడు. రైతుల మాటలు, నేతపనివారి మాటలు కావలసినవారు భద్రిరాజు కృష్ణమూర్తి గారి సంపాదకత్వంలో మొదలైన మాండలిక వృత్తి పదకోశం చూడాలి. వ్యవసాయం మీద తొలి సంపుటం 1962లో వచ్చింది.

ఇక మాట దొరకకపోవడానికి కారణాలు చిన్నవే. పాత నిఘంటువుల్లో "పుస్తకం" ఉండదు, "పుస్తకము" ఉంటుంది. "వస్తున్నాడు" ఉండదు, "వచ్చు" దగ్గర చూడాలి. "రాయి" కోసం రకారంలో వెతికితే కనిపించదు, బండి ఱ దగ్గర "ఱాయి" అని ఉంటుంది. ఈ మూడు కిటుకులు తెలిస్తే సగం మాటలు దొరికినట్లే. ఇప్పుడు ఆంధ్రభారతి వెబ్‌సైటులో చాలా నిఘంటువులను ఒకేసారి వెతకవచ్చు. మనవడి చేత ఫోనులో చూపించుకోండి. మీకు అర్థం దొరుకుతుంది, వాడికి నాలుగు తెలుగు అక్షరాలు కంటపడతాయి.

నాలుగవ ప్రశ్న, కొంచెం దిగులుగా అడిగేది: "కళ్లు ఆనడం లేదు, చదివింది గుర్తుండడం లేదు. ఈ వయసులో చదవడం ఎందుకు?"

చత్వారం అనే మాట సంస్కృతంలో నలభైకి పేరైన చత్వారింశత్ నుంచి వచ్చింది. నలభై దాటితే దగ్గరి చూపు మందగిస్తుందని పెద్దలు పేరులోనే చెప్పారు. కాబట్టి అది మనకు మాత్రమే వచ్చిన కష్టం కాదు. శుక్లం అంటే తెలుపు. తెల్లపొర కమ్మితే శస్త్రచికిత్స ఉంది, చేయించుకున్నవారు ఈ సభలోనే ఎందరో ఉన్నారు. "వయసు కదా" అని సరిపెట్టుకోకుండా కంటి డాక్టరుకు చూపించుకోండి. ఇక జ్ఞాపకం సంగతి. పరీక్ష రాయబోవడం లేదు గదా! నిన్న చదివింది మరచిపోతే ఇవాళ మళ్లీ కొత్తగా చదువుకోవచ్చు. ఒకరు పైకి చదువుతుంటే మరొకరు వినడం మన ఇళ్లలో పూర్వం నుంచీ ఉన్నదే. భార్యాభర్తల్లో చూపు బాగున్నవారు రోజూ అరగంట చదివి వినిపించండి.

ఆ అరగంటలో పురాణం, పత్రికతోపాటు ఇంకొకటి కూడా చదవాలి. అది ఐదవ ప్రశ్నకు సంబంధించినది. దానికే ఎక్కువ సమయం తీసుకుంటాను, మన్నించండి.

"బ్యాంకు, పింఛను కాగితాల్లో మాటలు కూడా చదవాలా? అన్నీ వాళ్లే చూసుకుంటారు కదా?" అంటారు.

నాకు తెలిసిన ఒక కుటుంబంలో జరిగింది చెబుతాను. పేర్లు అక్కరలేదు. ఆయన పదవీ విరమణ సొమ్మంతా ఒక బ్యాంకులో తన పేర, భార్య పేర వేశారు. పాసుపుస్తకం మొదటి పేజీలో "ఫార్మర్ ఆర్ సర్వైవర్" అని ఉంది. ఆమె ఏనాడో దాన్ని చూసి, ఫార్మర్ అంటే రైతు కదా, మనది వ్యవసాయ కుటుంబం కనుక రాశారేమో అనుకుందట. ఆయనకు పక్షవాతం వచ్చి ఆసుపత్రిలో పడ్డారు. సంతకం పెట్టలేరు. ఆమె బ్యాంకుకు వెళ్తే, "ఆయన జీవించి ఉండగా మీరు తియ్యడానికి లేదమ్మా" అన్నారు. వారు చెప్పింది నిబంధన ప్రకారం సరే. ఫార్మర్ అంటే అక్కడ ముందు రాసిన పేరు. ఆ వ్యక్తి ఉన్నంతకాలం ఖాతా ఆ వ్యక్తిదే, తదనంతరమే రెండోవారికి. "ఎయిదర్ ఆర్ సర్వైవర్" అని ఉంటే ఇద్దరిలో ఎవరైనా తీసుకోవచ్చు. సొంత డబ్బు బ్యాంకులో పెట్టుకొని ఆమె తొమ్మిది రోజులు చేబదుళ్లు తెచ్చింది. చివరికి బ్యాంకు ఉద్యోగి ఆసుపత్రికి వచ్చి, సాక్షుల ఎదుట ఆయన వేలిముద్ర తీసుకుంటేగాని పని జరగలేదు. ఆ ఒక్క మాట పాసుపుస్తకంలో ఏళ్ల తరబడి కళ్లెదుటే ఉంది. అర్థం ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు.

అలాంటిదే మరొక మాట నామినీ. నామినీ అంటే వారసుడు అనుకుంటాం. అన్ని చోట్లా అలా కాదు. జీవిత బీమా నామినీ సొమ్ము అందుకునేవాడే గాని దానికి యజమాని కాడని, అది చట్ట ప్రకారం వారసులందరికీ చెందుతుందని 1983లో సుప్రీంకోర్టు చెప్పింది. 2015లో బీమా చట్టాన్ని సవరించారు. పాలసీదారు తన తల్లిదండ్రులనో, భార్యనో, భర్తనో, పిల్లలనో నామినీగా రాస్తే ఆ సొమ్ముపై హక్కు కూడా వారికే కలిగేటట్లు చేశారు. కంపెనీ వాటాల విషయంలో మాత్రం నామినీ సంపూర్ణ యజమాని కాడని 2023లో సుప్రీంకోర్టు మళ్లీ స్పష్టం చేసింది. కాగితం మారితే అర్థం మారుతుందని నేను ముందు చెప్పింది ఇదే. ఎవరికి ఏది చెందాలో మీకు ఒక ఉద్దేశం ఉంటే, నామినీ పేరుతో సరిపెట్టకుండా తెలిసిన న్యాయవాదిని అడిగి వీలునామా రాయండి.

మాటకు అంత విలువ ఉంటుందా అని సందేహం ఉన్నవారికి మన చరిత్రే సాక్ష్యం. 1979లో కేంద్ర ప్రభుత్వం పింఛను లెక్కను ఉదారం చేసింది. అయితే ఆ ఉత్తర్వులో ఒక షరతు పెట్టింది. 1979 మార్చి 31 నాటికి సర్వీసులో ఉండి, ఆ రోజున గాని తర్వాత గాని విరమించినవారికే ఆ లాభం. ముందుగా విరమించిన పెద్దలకు లేదు. 1972లో పదవీ విరమణ చేసిన డి.ఎస్. నకారా గారు మరికొందరితో కలిసి సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, అందులో మన తెలుగువారు ఓ. చిన్నపరెడ్డి గారు ఒకరు, 1982 డిసెంబరు 17న తీర్పు చెప్పింది. పింఛను యజమాని దయతలచి ఇచ్చే దానం కాదు, చేసిన సేవకు దక్కవలసిన హక్కు అన్నది. పింఛనుదారులను తేదీతో రెండుగా చీల్చిన ఆ షరతు మాటలను కొట్టివేసింది. అంటే, ఉత్తర్వులో ఉన్న కొన్ని మాటలను ఒకరు జాగ్రత్తగా చదివి, "ఇవి ఎందుకున్నాయి?" అని అడిగారు. ఏటా డిసెంబరు 17న మనం జరుపుకొనే పింఛనుదారుల దినోత్సవం ఆ అడగడం వల్ల వచ్చినదే.

కాబట్టి నా విన్నపం ఒక్కటే. మన ఇళ్లలో కాగితాలు మగవారి బీరువాలో ఉంటాయి, వాటితో అవసరం మాత్రం తరచు ఆడవారికి పడుతుంది. ఈ వారంలోనే ఒక సాయంత్రం ఇద్దరూ కూర్చుని పాసుపుస్తకం మొదటి పేజీ, పింఛను చెల్లింపు ఉత్తర్వు, బీమా పత్రం పైకి చదవండి. కుటుంబ పింఛనుకు అర్హులైనవారి పేరు, పుట్టిన తేదీ సరిగా ఉన్నాయో లేదో చూడండి. అర్థం కాని మాట కింద పెన్సిలుతో గీత గీయండి. బ్యాంకులో అడగండి, లేదా ఆదివారం ఉదయం పఠన మందిరానికి తీసుకురండి. నాకు తెలిస్తే చెబుతాను, తెలియకపోతే ఇద్దరం కలిసి తెలిసినవారి దగ్గరికి వెళదాం.