సైన్యము విడిచిన డీజిల్ లారీ



ముప్పది సంవత్సరములకు పైగా బడిపిల్లలకు సంధులు, సమాసములు చెప్పిన వానికి లారీల మరమ్మతుతో సంబంధమేమని మీరు శంకింపవచ్చును. ఉద్యోగవిరామము పొందిన పిమ్మట నేను విజయవాడ ఆటోనగరులోని మా తమ్ముని కుమారుని షెడ్డునకు నిత్యమును పోవుచున్నాను. అచట లెక్కలు వ్రాయుటయు, బండ్లకు సంబంధించిన ఆంగ్లపుస్తకములను చదివి పనివారికి తెలుగున అర్థము చెప్పుటయు నా పని. నేను చదివిన దానిని వారు చేసి చూపుదురు. వారు చేసిన దానిని నేను వ్రాసికొందును. అట్లు తెలిసిన సంగతులలో కొన్నిటిని నేడు మనవి చేసెదను.

సైన్యము తనకు పనితీరిన బండ్లను వేలము వేయించును. అట్టి వానిలో మన దేశమున ప్రసిద్ధి కెక్కినది శక్తిమాన్ లారీ. జర్మనీ దేశపు మాన్ సంస్థ అనుమతితో 1959లో మన ప్రభుత్వ కర్మాగారమున దీని నిర్మాణ మారంభమయ్యెను. పిమ్మట జబల్పూరులోని వాహన కర్మాగారమున కొనసాగి, 1996లో నిలిచిపోయెను. ముందు చక్రములకును వెనుక చక్రములకును గూడ ఇంజను బలము నందించుటచే ఇది బురదలోను, కొండదారిలోను ఆగక పోవును. అందుచేతనే వేలములో కొన్నవారు బాట సరిగా లేని తావులలో బరువులు మోయుటకు దీనిని వాడుకొనిరి. నిర్మాణము నిలిచి పాతికేండ్లు దాటినది గనుక క్రొత్త భాగములు దొరకుట కష్టము. ఉన్న భాగమును కాపాడుకొనుటయే ముఖ్యము.

డీజిల్ ఇంజనుకు ఆ పేరు దానిని కల్పించిన రుడాల్ఫ్ డీజిల్ వలన వచ్చినది. 1897లో జర్మనీలోని ఆగ్స్‌బర్గ్ పట్టణమున ఆయన యంత్రము సఫలమయ్యెను. దానిని నిర్మించిన కర్మాగారమే తరువాత మాన్ సంస్థలో భాగమైనది. ఇందు పెట్రోలు బండిలో వలె నిప్పురవ్వ లేదు. సిలిండరులో చేరిన గాలిని పిస్టను సుమారు పదునారవ వంతునకు కుదించును. అంతట ఆ గాలి 500 డిగ్రీలకు మించి వేడెక్కును. ఆ క్షణమున నాజిల్ నుండి నూనె మంచువలె చిమ్మబడి తనంత తానే మండును. కనుక గాలి బాగుగా కుదియవలెను, నూనె సమయమునకు రావలెను, వచ్చిన నూనె సన్నని తుంపరగా విడివడవలెను. ఈ మూటిలో ఏది లోపించినను బండి నడవదు.

తర్కశాస్త్రము చదువు బాలునకు మొదట చెప్పు ఉదాహరణము, పొగను జూచి నిప్పు నూహించుట. షెడ్డులో అది నిత్యానుభవము. నల్లని పొగ వచ్చుచున్నచో గాలి చాలలేదనియో, నూనె మిక్కిలిగా పడుచున్నదనియో ఊహింపవలెను. కనుక మొదట గాలి వడపోతను విప్పి చూడవలెను. నీలపు పొగ ఇంజను నూనె కాలుటను తెలుపును. రింగులు అరిగి యుండవచ్చును. తెల్లని పొగ వేడెక్కిన పిదపను ఆగనిచో నూనె మండక పోవుచున్నదనియో, సిలిండరులోనికి నీరు దిగుచున్నదనియో తెలియవలెను. పొగ చూడకయే పంపును విప్పువాడు నాడి చూడకయే మందిచ్చు వైద్యునితో సమానుడు.

నూనె గొట్టములలో గాలి చొరబడుట మరియొక రోగము. గాలి కుదియును గాని నూనె కుదియదు. గొట్టమున గాలిబుడగ యున్నచో పంపు దానిని నొక్కుచుండునే గాని నాజిల్ తెరచుకొనదు. మొదట వడపోత మీది స్క్రూను వదులు చేసి, చేతిపంపు కొట్టుచు, బుడగలు మాని నూనె ధారగా వచ్చువరకు చూచి బిగింపవలెను. తరువాత పెద్ద పంపు కడను, ఆ తరువాత నాజిళ్ళ కడను అట్లే చేయవలెను. ఈ వరుస తప్పరాదు. అయినను గాలి మరల చేరుచున్నచో ఎక్కడనో ఒక సంధి వదులైనదని యర్థము. సంధి తెలియక పదము విరుచువానికి అర్థము చెడినట్లే, గొట్టపు సంధి చూడక సెల్ఫు నొక్కువానికి బ్యాటరీ చెడును.

ఏండ్ల తరబడి నిలిచిన బండిని కొన్నవారు ఆ దినముననే నడుపవలెనని తొందరపడుదురు. అది తగదు. ట్యాంకు అడుగున చేరిన నీటిని, మడ్డిని మొదట తీసివేయవలెను. పంపులోని భాగములు వెంట్రుక మందములో అల్పాంశమంత ఎడముతోనే అమర్చబడినవి. వానికి నీటిచుక్క శత్రువు. ఇంజను నూనె మార్చి, సెల్ఫు నొక్కుటకు ముందు ఇంజనును చేతితో త్రిప్పి అంటుకొని పోలేదని తెలిసికొనవలెను. బ్రేకు నూనె గాలిలోని తేమను పీల్చుకొని లోపల తుప్పు పట్టించును గనుక దానిని పూర్తిగా మార్చవలెను. బ్రేకు రబ్బరులకు ఇంజను నూనె గాని కిరసనాయిలు గాని తగులరాదు. తగిలిన ఉబ్బి చెడును. నడచుటకు ముందు ఆగుట సరిచూచుకొనవలెను.

ఇక ప్రాణముతో సంబంధించిన మూడు మాటలు. నాజిల్‌ను పరీక్షించునపుడు దాని యెదుట చేయి పెట్టరాదు. సుమారు 200 వాతావరణముల ఒత్తిడితో వచ్చు ఆ తుంపర చర్మమును చీల్చి లోనికి పోవును. గాయము సూదిపోటంతయే కనబడినను ఆ క్షణముననే ఆసుపత్రికి పోవలెను. రెండవది, అరిగిన ఇంజను ఒక్కొక్కప్పుడు తన కందెననే త్రాగి పట్టుతప్పి పరుగెత్తును. నూనె కట్టినను ఆగదు. గాలి ద్వారమును మందమైన పలకతో మూయవలెనే గాని చేయి అడ్డరాదు. క్రొత్తగా మరమ్మతైన ఇంజనును మొదట నడుపునపుడు మా షెడ్డులో ఒకడు పలకతో సిద్ధముగా నిలుచును.

మూడవది చక్రము. పాత లారీల చక్రములలో చాలవానికి టైరును పట్టియుంచునది విడిగా నుండు ఇనుపకట్టు. దానినే లాక్ రింగ్ అందురు. తుప్పుపట్టినది గాని, వంగినది గాని గాలి నింపునపుడు ఊడి వచ్చెనేని ఎదుటివాని తల నిలువదు. చక్రమును విప్పుటకు ముందే వాల్వు తీసి గాలి నంతయు వదలవలెను. నింపునపుడు ఇనుప పంజరములో నుంచి, పొడుగు గొట్టముతో, ప్రక్కగా నిలిచి నింపవలెను. గాలి యున్న కట్టును సుత్తితో కొట్టరాదు. అమెరికా దేశమున 1980లోనే ఇట్టి చక్రముల పనికి పంజరము వంటి రక్షణ ఉండవలెనని ప్రభుత్వము నియమము చేసెను.

ఈ సంగతి చదివి చెప్పినపుడు మా పనివారిలో పెద్దవాడొకడు, "ఇన్నేళ్ళుగా గాలి కొడుతున్నాం మాస్టారూ, ఏమీ కాలేదు గదా" అనెను. ఇంతవరకు కాలేదనుట ఇక కాదనుటకు హేతువు కాజాలదు. నూరు చక్రములు బాగుగా నిండినను నూటయొకటవది విరుద్ధమైనచో ఆ నియమము చెడినట్లే. కాని చెడునది ఇచట తర్కములోని వాక్యము కాదు, పదునెనిమిదేండ్ల పిల్లవాని ప్రాణము. నేను వాదించుట మాని, పంజరమునకు పట్టు ఇనుము ఖరీదును లెక్క కట్టి మా తమ్ముని కుమారుని ముందుంచితిని. అది రెండు టైర్ల వెలకు మించలేదు. ఆ వారములోనే పంజరము తయారయ్యెను. ఆ పెద్దవాడే దానిని అతికెను. నేడు క్రొత్తగా చేరిన పిల్లవానికి దాని ఉపయోగమును మొదట చెప్పువాడు కూడ అతడే.

షెడ్డుల యజమానులకు నా మనవి ఒక్కటియే. మీ పనివారి చేతులలో గొప్ప విద్య కలదు గాని అది కాగితము మీద లేదు. మీ యింట చదువుకొన్న వారెవరైన నున్నచో వారినడిగి, ఈ పనుల వరుసను, ఈ జాగ్రత్తలను తేట తెలుగున పెద్ద అక్షరములతో వ్రాయించి గోడకు కట్టుడు. గాలి నింపు తావున ఆ పలక మొదట నుండవలెను.