టెషిమా దీవిలో రెండు రోజులు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)

 

జపాన్ గురించి మాట్లాడమని కార్యదర్శిగారు చెప్పారు. అక్కడి బులెట్ రైలు గురించీ, వాళ్ళ క్రమశిక్షణ గురించీ మీరు వాట్సాప్‌లో నాకంటే ఎక్కువే చదివి ఉంటారు. అందుకని నేను ఒక చిన్న దీవి సంగతి మాత్రం చెబుతాను. మా అమ్మాయి ఒకయామాలో చదువుకుంటోంది. నేను బ్యాంకులో రిటైరయ్యాక ఒక అక్టోబరులో దాని దగ్గరికి వెళ్ళాను. "అమ్మా, గుళ్ళు తర్వాత చూద్దాం, ముందు ఒక దీవికి తీసుకెళ్తా" అంది. ఉనో రేవు దాకా రైలు, అక్కడి నుంచి పడవ. ముప్పావుగంట లోపే టెషిమాలో దిగాం.

సెటో సముద్రంలో ఉన్న ఈ దీవి వైశాల్యం పద్నాలుగున్నర చదరపు కిలోమీటర్లు. జనాభా ఎనిమిది వందల లోపే, అందులో ముసలివాళ్ళే ఎక్కువ. రేవులో బ్యాటరీ సాయంతో నడిచే సైకిళ్ళు అద్దెకిస్తారు. మన బడి వెనక కొట్లో అద్దె సైకిలు తీసుకుని నేర్చుకున్న విద్య అరవై ఏళ్ళకి అక్కడ అక్కరకొచ్చింది.

టెషిమా అంటే సమృద్ధి గల దీవి అని అర్థం. చుట్టూ ఉప్పునీరైనా కొండ మీద ఊటలున్నాయి. ఆ నీళ్ళతోనే మెట్ల పొలాల్లో వరి పండేది. అలాంటి ఊరికి మధ్యలో ఇంకో పేరొచ్చింది: చెత్త దీవి. ఆ కథ చెప్పకపోతే మిగతాది మీకు విహారయాత్రలాగే వినిపిస్తుంది.

దీవి పడమటి కొసన ఒక వ్యాపారికి కొంత భూమి ఉండేది. 1975లో అక్కడ పారిశ్రామిక వ్యర్థాల పని పెడతానన్నాడు. ఊరు అడ్డం తిరిగింది. చివరికి 1978లో, ప్రమాదం లేని వ్యర్థాలతో వానపాములు పెంచుతానని అనుమతి తెచ్చుకున్నాడు. వానపాముల పేరు చెప్పి దింపింది పాత కార్లను తుక్కు చేయగా మిగిలిన పొట్టు, వాడేసిన నూనెలు, విషపు మడ్డి. వాటిని ఆరుబయటే తగలబెట్టేవారు. ఊరి వాళ్ళు మొరపెట్టుకుంటే కగావా ప్రభుత్వం, మన రాష్ట్ర ప్రభుత్వం లాంటిదనుకోండి, అది చెత్త కాదు, లోహం తీయడానికి ముడిసరుకు అని చెప్పింది. 1990లో పక్క ప్రాంతపు పోలీసులు వచ్చి సోదా చేస్తేగానీ అది ఆగలేదు. ఆగింది సరే, కుప్ప అక్కడే ఉండిపోయింది.

1993లో 549 మంది మధ్యవర్తిత్వానికి దరఖాస్తు పెట్టారు. ముసలివాళ్ళు సముద్రం దాటి వెళ్ళి ప్రభుత్వ కార్యాలయం ముందు నెలల తరబడి నిలబడ్డారు. 2000 జూన్ 6న ఒప్పందం కుదిరింది. గవర్నరు దీవికి వచ్చి క్షమాపణ చెప్పాడు. ఊరి వాళ్ళు నష్టపరిహారం వదులుకున్నారు. మాకు డబ్బు వద్దు, చెత్త తీసెయ్యండి, తప్పు ఒప్పుకోండి అన్నారు. బ్యాంకులో ముప్పై ఏళ్ళు పనిచేసినదాన్ని, పరిహారం వదులుకునే మనుషుల్ని నేను ఎక్కువమందిని చూడలేదు. ఆ రోజు చూడకుండానే కన్నుమూసిన దరఖాస్తుదారులు చాలామంది ఉన్నారు. 2003 నుంచి చెత్తను ఓడలకెత్తి పక్కనున్న నవోషిమా దీవికి పంపి అక్కడ కరిగించారు. అది పూర్తవడానికి 2017 వచ్చింది. మొత్తం తొమ్మిది లక్షల టన్నుల పైమాటే.

ఆ స్థలంలో ఊరి వాళ్ళు నడిపే చిన్న ప్రదర్శనశాల ఉంది. రెండోరోజు ముందుగా చెప్పి వెళ్ళాం. ఆ చెత్తగుట్టను నిలువుగా కోసినప్పటి పొరను గోడకు అంటించి ఉంచారు. నల్లటి మడ్డిలో రబ్బరు, తీగలు, గుడ్డపేలికలు. ఒక పెద్దాయన మాకు తిప్పి చూపించారు. ఆయన మాటల్లో కోపం నాకు వినిపించలేదు, తేదీలు మాత్రం ఒక్కటీ తడుముకోకుండా చెప్పారు.

ఇక కళ సంగతి. సెటో దీవుల్లో 2010 నుంచి మూడేళ్ళకోసారి కళా ఉత్సవం జరుగుతోంది. ఆ ఏడాదే దీవి తూర్పువైపు కరాతో దగ్గర టెషిమా ఆర్ట్ మ్యూజియం తెరిచారు. వాస్తుశిల్పి ర్యూయే నిషిజావా, కళాకారిణి రేయి నాయితో. మ్యూజియం అంటే నేను బొమ్మల వరసలు ఊహించుకున్నాను. లోపల ఒక్క బొమ్మ లేదు! నేల మీద పడిన నీటిబొట్టు ఆకారంలో తెల్లటి కాంక్రీటు కప్పు ఉంది. నలభై మీటర్ల వెడల్పు, అరవై మీటర్ల పొడవు, మధ్యలో ఒక్క స్తంభమైనా లేదు. ముందు మట్టి గుట్ట పోసి, దాని మీద కాంక్రీటు పోసి, గట్టిపడ్డాక మట్టి తవ్వేశారట. కప్పుకి రెండు పెద్ద కంతలు. వాటిలోంచి గాలి, వాన, పిట్టల కూత నేరుగా లోపలికొస్తాయి.

చెప్పులు విప్పి వెళ్ళి కూర్చున్నాం. ఫొటోలు తీయకూడదు, మాట్లాడకూడదు. నేలలో కనబడనంత సన్నటి రంధ్రాల్లోంచి నీటిబొట్లు పుడుతుంటాయి. చేమాకు మీద నీళ్ళు చూశారు కదా, అలా అంటకుండా జారి, ఇంకో బొట్టుతో కలిసి, పాములా పరిగెత్తి మడుగులో పడతాయి. అంతే. మొదటి పది నిమిషాలు, దీనికా ఇంత దూరం, అనుకున్నాను. తర్వాత గంటసేపు లేవలేదు. అది ఎందుకని మా డ్రాయింగు మాస్టారు అడిగితే నా దగ్గర జవాబు లేదు. కానీ ఈ దీవి పోరాడింది తన మట్టి కోసం, నీటి కోసం. ఆ కథ తెలిశాక నేలలోంచి వచ్చే ఆ శుభ్రమైన బొట్టు మీద నుంచి చూపు తిప్పుకోలేకపోయాను.

మ్యూజియం చుట్టూ మెట్ల పొలాలు. చేసేవాళ్ళు లేక బీడుపడి తుప్పలు మొలిచిన పొలాలవి. మ్యూజియం కట్టిన సంస్థ, ఊరి వాళ్ళు కలిసి వాటిని మళ్ళీ సాగులోకి తెచ్చారు. నా దృష్టిలో మ్యూజియంలో సగం అదే.

ఇప్పుడు భోజనం. ఖాళీ పడ్డ ఒక పాత ఇంటిని, దాని పెరటి చెట్ల చుట్టూ వేసిన పెద్ద చూరుతో కలిపి, ర్యో అబే అనే వాస్తుశిల్పి వంటిల్లుగా మార్చాడు. పేరు షిమా కిచెన్. షిమా అంటే దీవి. ఇదీ 2010 నాటిదే. టోక్యోలోని ఒక పెద్ద హోటలు వంటవాళ్ళు వచ్చి ఊరి ఆడవాళ్ళతో కలిసి వంటలు తయారుచేశారు. రోజూ వండేదీ వడ్డించేదీ ఊరివాళ్ళే. మాకు పెట్టింది అన్నం, మిసో పులుసు, చేప, గుమ్మడి, వంకాయ, ఊరబెట్టిన ముల్లంగి. మన లెక్కకి ఉప్పూ కారం తక్కువే. మా అమ్మాయి సంచిలోంచి ఆవకాయ సీసా తీయబోతే చేయి పట్టుకుని ఆపాను.

వడ్డించినావిడకి డెబ్బై దాటి ఉంటాయి. ఈ బియ్యం ఎక్కడివని అమ్మాయి చేత అడిగించాను. ఆవిడ కొండవైపు చెయ్యి చూపించి "టెషిమా" అంది. ఒక్క మాటే. ఒకప్పుడు ఆ పేరు చెబితే ఇక్కడి పంటని, చేపని కొనేవాళ్ళు వెనకాడేవారట. ఇప్పుడు స్ట్రాబెర్రీలు, నిమ్మకాయలు, ఆలివ్ నూనె, అన్నీ ఆ పేరుతోనే రేవు దగ్గర అమ్ముతున్నారు. నేను మ్యూజియానికి వేసిన మార్కుల కంటే ఆ అన్నానికి రెండు ఎక్కువే వేశాను. ఆ చూరు కింద నెలకోసారి, ఆ నెలలో పుట్టినవాళ్ళందరికీ కలిపి పుట్టినరోజు చేస్తారని కూడా విన్నాను.

కరాతో ఒడ్డున ఇంకొకటి ఉంది. క్రిస్టియన్ బోల్టాన్‌స్కీ అనే ఫ్రెంచి కళాకారుడు ప్రపంచమంతటా మనుషుల గుండె చప్పుళ్ళు రికార్డు చేయించి అక్కడ భద్రపరిచాడు. ఆయన 2021లో పోయాడు. చీకటి గదిలో ఒక బల్బు గుండెతోపాటు వెలిగి ఆరుతుంటుంది. మా అమ్మాయి అంతకుముందే వచ్చి తనది ఇచ్చి వెళ్ళిందట, నాకు చెప్పలేదు. వెతికి, ఇయర్‌ఫోన్లు నా చెవులకి పెట్టింది. ఆ చప్పుడు నేను చివరిసారి విన్నది అది కడుపులో ఉండగా, డాక్టరమ్మ దగ్గర. దాని గురించి ఇంతకంటే చెప్పలేను.

అంతా బాగుందని చెప్పి దిగిపోతే మీకు అన్యాయం చేసినట్టే. ఉత్సవం రోజుల్లో పడవలు కిక్కిరిసి వస్తాయి, సాయంత్రం చివరి పడవకి అంతా ఖాళీ. మేం ఆ రాత్రి అక్కడే ఉన్నాం. ఏడు గంటలకి వీధిలో మనిషి లేడు. కళ వచ్చి పదిహేనేళ్ళవుతున్నా జనాభా తగ్గడం ఆగలేదు. కొందరు కుర్రవాళ్ళు వచ్చి స్థిరపడ్డారు, పోయేవాళ్ళతో పోలిస్తే తక్కువే. తూర్పున మ్యూజియం ముందు వరస కట్టినవాళ్ళలో పడమటి కొసకి వెళ్ళేవాళ్ళు బహుకొద్దిమంది. ఆ గదిలో మేం ముగ్గురమే ఉన్నాం. కళాకారులు దీవిని బతికించారని పత్రికలు రాస్తుంటాయి. వాళ్ళు వచ్చేనాటికి ఆ ఊరి వాళ్ళు తమ నేలను తామే గెలుచుకుని పదేళ్ళయింది. ఈ వరస మాత్రం తిరగేసి చెప్పకూడదు.

వెళ్ళాలనుకునేవాళ్ళు వారంలో మ్యూజియం మూసే రోజు చూసుకుని వెళ్ళండి, చివరి పడవ టైము రాసిపెట్టుకోండి, వీలైతే ఒక రాత్రి ఉండండి. పడమటి కొసకి ముందే కబురు పెట్టాలి. మిగతా ప్రశ్నలు భోజనాల దగ్గర అడగండి. ఇవాళ గోంగూర పచ్చడి ఉందట, ఇప్పటికే ఆలస్యమైంది.