తునికాకు డబ్బులు జూన్ దాకా దాచండి



స్కాలర్‌షిప్ ఉంది కదా, చదువు ఫ్రీ అనుకుని ఖమ్మం వెళ్లి కాలేజీలో చేరాను. డిగ్రీ అయిపోయింది, ఫీజు రీయింబర్స్‌మెంట్ మాత్రం రాలేదు. బాకీ కడితేనే సర్టిఫికెట్లు ఇస్తామన్నారు. నాన్న షావుకారు దగ్గర నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చాడు. ఆ అప్పు తీరడానికి రెండు తునికాకు సీజన్లు పట్టింది.

మీకు అట్లా కావద్దు. ఫీజు ఒక్కటే ఖర్చు కాదు. బస్ పాస్, పరీక్ష ఫీజు, రీఛార్జి, జిరాక్సులు, అన్నిటికీ ముందు మన చేతిలోంచే పెట్టాలి. మే నెలలో ఆకు కోసిన డబ్బుల్లో కొంత పోస్టాఫీసులో వెయ్యండి. పెళ్లిళ్లు కూడా అప్పుడే, తెలుసు నాకు. అయినా వెయ్యండి. ఎస్టీ హాస్టల్లో సీటుకు ముందే దరఖాస్తు పెట్టండి, దొరికితే గది అద్దె మిగులుతుంది.

ఈపాస్ రెన్యూవల్ ఏటా చెయ్యాలి. ఆదాయం సర్టిఫికెట్ మీసేవలో ముందే తీసుకోండి. బ్యాంకు ఖాతాకు ఆధార్ లింకు ఉందో లేదో చూసుకోండి.

చేరేటప్పుడు టెన్త్, ఇంటర్ మెమోలు చూపించండి, ఇచ్చేసి రాకండి. ఒరిజినల్స్ కాలేజీ దగ్గర పెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది. ఇప్పటికే ఇచ్చేసినవాళ్లు ఉంటే కబురు పెట్టండి, కలిసి వెళ్లి అడుగుదాం.