రెక్కలో రబ్బరు రింగు

వంటింట్లో గ్యాస్ బండ మార్చేటప్పుడు మూతి దగ్గర చిన్న నల్ల రింగు కనిపిస్తుంది. అది అరిగినా, జారినా ఇల్లంతా గ్యాస్ వాసనే. విమానం రెక్కల్లో, ఇంజన్లలో ఇంధన గొట్టాలు కలిసే చోట్ల కూడా ఇలాంటి రింగులు ఉంటాయి. పాత విమానాల్లో చాలావరకు అవి నైట్రైల్ రబ్బరువి. పెట్రోలియం నుంచి తీసిన జెట్ ఇంధనంలో ఆరోమాటిక్స్ అనే పదార్థాలు ఉంటాయి. వాటిని పీల్చుకుని రబ్బరు కాస్త ఉబ్బుతుంది, సందు మూసుకుపోతుంది. వాడేసిన వంటనూనె, జంతువుల కొవ్వుతో తయారయ్యే కొత్త ఇంధనంలో ఆరోమాటిక్స్ దాదాపు ఉండవు. ఏళ్ల తరబడి ఉబ్బి ఉన్న రింగుకి అది తగిలితే రబ్బరు ముడుచుకుంటుంది, ఇంధనం కారే ప్రమాదం ఉంటుంది.

ఈ కొత్త ఇంధనం పేరు ఎస్ఏఎఫ్. వాడుకలో సాఫ్.

పేరు సాఫ్ అయినా ఇంజన్ వదిలే కార్బన్ డయాక్సైడ్ తగ్గదు. అయితే ఆ కార్బన్ భూగర్భంలోంచి తవ్వి తీసింది కాదు, మొక్కలు నిన్నమొన్న గాలిలోంచి పీల్చుకున్నదే. లాభమంతా అక్కడుంది. ప్రస్తుతం దీన్ని మామూలు ఇంధనంలో సగానికి మించి కలపనివ్వరు. అందుకు ఒక కారణం ఆ రబ్బరు రింగే. 2023 నవంబరు 28న వర్జిన్ అట్లాంటిక్ వారి బోయింగ్ 787 ఒకటి ప్రత్యేక అనుమతితో, పూర్తిగా సాఫ్ నింపుకుని లండన్ నుంచి న్యూయార్క్ వెళ్లింది. అందులో 88 శాతం వ్యర్థ కొవ్వుల నుంచి వచ్చింది. మిగతా 12 శాతం మొక్కల చక్కెరల నుంచి తీసిన ఆరోమాటిక్ కిరోసిన్. కొవ్వుల ఇంధనంలో లేనిదాన్ని విడిగా తయారుచేసి కలిపారన్నమాట.

ఇంధనం మారితే విమానాలు కట్టే కార్మికుల గతేమిటి? అమెరికాలోని సియాటెల్ చుట్టుపక్కల, రెంటన్, ఎవరెట్‌లలోని బోయింగ్ ఫ్యాక్టరీల్లో ఈ ప్రశ్నకు బరువుంది. సాఫ్ వరకైతే భయం తక్కువ. అదే రెక్క, అదే ట్యాంకు, అదే ఇంజన్. 2030 నాటికి తమ విమానాలు నూరు శాతం సాఫ్‌తో ఎగరగలిగేలా చేస్తామని బోయింగ్ 2021లోనే ప్రకటించింది. ఇంధనంగా హైడ్రోజన్ సంగతి వేరు. ద్రవరూపంలో ఉన్నా దానికి జెట్ ఇంధనం కంటే సుమారు నాలుగు రెట్లు చోటు కావాలి కాబట్టి విమానాన్ని మొదటినుంచీ కొత్తగా గీయాలి. 2035కల్లా అలాంటిది తెస్తామన్న ఎయిర్‌బస్ 2025లో ఆ గడువును వెనక్కి జరిపింది.

సియాటెల్ కార్మికులు పని పోగొట్టుకున్నది ఇంధనం వల్ల కాదు, ఊరు మారడం వల్ల. 787 రెండో లైనును 2009లో బోయింగ్ సౌత్ కరోలినాకి ఇచ్చింది. అక్కడ యూనియన్ లేదు. తర్వాత 787 కూర్పు మొత్తం అక్కడికే తరలిపోయింది. ఆ దెబ్బ మరిచిపోని ఐఏఎం యూనియన్‌కి చెందిన 33,000 మంది 2024 సెప్టెంబరు 13న సమ్మెకు దిగి, 53 రోజులు పట్టుబట్టి నాలుగేళ్లలో 38 శాతం జీతం పెంపు సాధించారు. ఆ ఒప్పందంలో ఇంకో మాట కూడా ఉంది: దాని గడువులోగా బోయింగ్ కొత్త విమానం మొదలుపెడితే, దాన్ని సియాటెల్ ప్రాంతంలోనే కట్టాలి. రేపు ఏ ఇంధనంతో నడిచే విమానం గీసినా, కార్మికులకు పట్టు దొరికేది ఇలాంటి షరతు దగ్గరే.

రిఫైనరీ కార్మికులకు అలాంటి షరతు దొరకలేదు. స్కాట్లండ్‌లోని గ్రేంజ్‌మౌత్‌లో 1924 నుంచి ముడిచమురు శుద్ధి చేసేవారు. ఆ రిఫైనరీని సాఫ్ తయారీకి మార్చి నడపాలని యునైట్ యూనియన్ పోరాడింది. 2025 ఏప్రిల్‌లో శుద్ధి ఆగిపోయింది, సుమారు 400 ఉద్యోగాలకు ముప్పు వచ్చింది. విమాన ఇంధనంలో 2 శాతం సాఫ్ ఉండాలన్న బ్రిటన్ నిబంధన అమల్లోకి వచ్చింది కూడా ఆ ఏడాది జనవరిలోనే. గిరాకీ వచ్చింది గానీ, దాన్ని తీర్చే ప్లాంటు మాత్రం కాగితాల మీదే ఉండిపోయింది.

కాబట్టి బేరానికి కూర్చునే యూనియన్లు మూడు విషయాలు రాతలో అడగాలి. కొత్త ఇంధనానికి తగ్గ రబ్బరు రింగుల తనిఖీ నేర్చుకునే గంటలకు జీతం ఉంటుందా? కొత్త విమానం ఏ ఊళ్లో కడతారు? పాత యూనిట్ ఆగే రోజుకీ కొత్తది మొదలయ్యే రోజుకీ మధ్య జీతం ఎవరిస్తారు?

ఈ సంగతి మనకూ దగ్గరిదే. హైదరాబాద్ శివార్లలోని ఆదిభట్లలో, టాటా, బోయింగ్ కలిసి నడిపే ఫ్యాక్టరీలో 737 విమానాల నిలువు తోకరెక్కలు తయారవుతున్నాయి. వాటిని బిగించేది రెంటన్‌లో. సియాటెల్ ఒప్పందం గడువు 2028లో తీరుతుంది. మన దేశం నుంచి విదేశాలకు వెళ్లే విమానాల్లో సాఫ్ వాటా 2 శాతానికి చేరాలని పెట్టుకున్న ఏడాది కూడా అదే. మెయింటెనెన్స్ హ్యాంగర్లలో పనిచేసే తెలుగు మెకానిక్‌లు ఆ మొదటి ప్రశ్నను తమ యాజమాన్యాన్ని అడగడానికి ఇంకా వ్యవధి ఉంది.